కుదువకు పోని సామాన్లు

మా నాయనమ్మ దినాలకు ఎంత ఖర్చయిందో రాసిన నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. ఆమె పుట్టిన తేదీ రాసిన కాగితం మాత్రం ఎక్కడా లేదు. ఆధార్ కార్డు మీద జనవరి 1 అని ఉంటుంది. మన వాడల్లో ముసలోళ్లంతా జనవరి 1నే పుట్టారు, మీకు తెలియంది కాదు.

ఆమె వదిలిపోయిన వస్తువుల్ని ఫోనుతో వీడియో తీసి పెడదామని పోయిన ఎండాకాలం సెలవుల్లో బయలుదేరాను. ఒక్క పూట పని అనుకున్నా. తీరా చూస్తే ఆమె సామాను నలుగురు పిల్లల వెంట నాలుగు దిక్కులా పోయింది. ఫొటో సూర్యాపేటలో పెదనాయన ఇంట్లో ఉంది. తోలుపని పనిముట్లు, ఆకువక్కల సంచి కోదాడలో మేనత్త దగ్గరున్నాయి. కాగితాలు మిర్యాలగూడలో చిన్నాయన బీరువాలో. మా నాయన వంతుకు రేకు సందుగ వచ్చింది, ఖాళీది. అందుకే నేను తీసిన మొదటి వీడియోలో రెండు నిమిషాలసేపు ఖాళీ పెట్టె తప్ప ఏమీ లేదు. మూత లోపల అంటించిన క్యాలెండర్ ముక్క, మూలల్లో తుప్పు, తాళం లేని గొళ్లెం. అంతే.

ఈ సిరీస్ చదువుతున్న విద్యార్థి ఒకరు అడిగారు: "సార్, ఇది మీ ఇంటి ముచ్చట కదా, చరిత్ర ఎట్లయితది?" న్యాయమైన ప్రశ్నే. జవాబు కొంచెం దూరం నుంచి మొదలుపెడతాను.

మా సూర్యాపేట జిల్లాలోనే, నాగారం మండలంలో ఫణిగిరి ఉంది. బౌద్ధ క్షేత్రం. అక్కడ తవ్వకాల్లో దొరికిన తోరణపు రాయి 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయి వచ్చింది. 2024లో అదే గుట్ట మీద ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒక్కొక్క నాణేన్నీ లెక్కపెట్టారు, బొమ్మా బొరుసూ చూసి రాసుకున్నారు. ఆ శ్రద్ధను నేను తప్పుపట్టను. బుద్ధుడి గుట్ట మనది కూడా. కానీ అదే జిల్లాలో నూరేళ్లనాటి మోట బొక్కెన ఎన్ని మ్యూజియాల్లో ఉందో వెతకండి. ఎవరు కుట్టారో పేరు రాసి పెట్టిన బొక్కెన నేనైతే ఇంతవరకు ఒక్కటి చూడలేదు. వెయ్యేళ్ల కింది వస్తువుకు ప్రభుత్వం ఉంది. దొరల గడీలకు వారసులున్నారు, వాళ్ల గోడల మీద తాతముత్తాతల ఫొటోలున్నాయి. మన అవ్వల వస్తువులకు మనం తప్ప దిక్కులేదు. మనమేమో ఇల్లు మారిన ప్రతిసారీ వాటిని పాతసామాన్ల బండికి వేస్తాం.

వస్తువుల్ని కాపాడుకోవడం మనకు రాదని కాదు. నాగపూర్ దగ్గర చిచోలిలో, శాంతివన్‌లో బాబాసాహెబ్ కోట్లు, టైప్‌రైటర్ అపురూపంగా దాచుకున్నారు. బాబాసాహెబ్ చేతి కలం విలువ మనకు తెలుసు. వేలిముద్ర వేసిన వాళ్ల చేతుల్లో ఏముండేదో అడగడం మాత్రం అలవాటు కాలేదు.

గొంతులు నిలబెట్టే పని మన దగ్గర ముందే మొదలైంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల దగ్గరికి పోయి వాళ్ల మాటలు రికార్డు చేసి స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. గోగు శ్యామల టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథను అట్లాగే మాటల్లోంచి పుస్తకం చేసింది. వై.బి. సత్యనారాయణ రాసిన 'మా నాయన బాలయ్య' ఒక రైల్వే కూలి కుటుంబం మూడు తరాల చరిత్ర. ఇవన్నీ నేను పాఠం చెప్పిన పుస్తకాలే. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ కోసం నేను ఎందరి ఇళ్లకో రికార్డర్ పట్టుకొని తిరిగాను. మా ఇంట్లో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ముందు మాత్రం ఒక్కనాడూ పెట్టలేదు. నా పాత ఫోన్లో ఆమె గొంతు నాలుగు నిమిషాలుంది. ఆ నాలుగు నిమిషాలూ ఆమె కోళ్లను తిడుతుంటుంది. అది కూడా ఎవరో పొరపాటున నొక్కితే పడింది.

కాబట్టి ఇప్పుడు వస్తువులే దిక్కు.

సూర్యాపేటలో పెదనాయన ఇంటి గోడకు ఆమె ఫొటో ఉంది. పెద్దది, రంగుల బల్బుల దండతో. ఫొటోలో ఆమె జరీ అంచు పట్టుచీర కట్టుకుంది, మెడలో రెండు పేటల బంగారు గొలుసు ఉంది. మా నాయనమ్మ బతికినన్నాళ్లూ పట్టుచీర కట్టలేదు, ఆ గొలుసును కంటితో చూసి కూడా ఉండదు. రెండూ స్టూడియోవాళ్లు కంప్యూటర్‌లో వేసినవి. మొహం మాత్రం ఆమెదే. 2014లో ఆసరా పింఛను వచ్చినప్పుడు తీయించిన పాస్‌పోర్టు ఫొటోలోంచి కోసి పెట్టిన మొహం. ఆమె ఒంటరిగా దిగిన ఫొటో అదొక్కటే. అంటే మా నాయనమ్మను సరిగ్గా కెమెరా ముందు కూర్చోబెట్టింది మేం కాదు, పింఛను ఆఫీసు.

నేను ఆ పెద్ద ఫొటోను వీడియో తీయనన్నాను. అబద్ధపు బొమ్మ ఎందుకు, అసలు పాస్‌పోర్టు ఫొటో ఇవ్వు చాలన్నాను. పెదనాయనకు కోపమొచ్చింది. "బతికినప్పుడు పెట్టలేకపోయినం, సచ్చినంక పెట్టినం. దాంట్ల తప్పేంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వీడియోలో రెండు ఫొటోలూ పక్కపక్కన ఉన్నాయి. చిన్న ఫొటో ఆమె ఎట్లుండేదో చెబుతుంది. పెద్దది కొడుకుల మనసులో ఏముండేదో చెబుతుంది. స్టూడియోవాళ్లకు అది రోజూ చేసే పనే. మన వాడల్లో ఏ ఇంటికి పోయినా చనిపోయిన తల్లుల మెడలో ఇట్లాంటి గొలుసు కనబడుతుంది. దీని మీద ఎవరైనా ఎం.ఫిల్ చేయాల్సింది, చేయలేదు.

ఇక కోదాడ. మా ఊరు సూర్యాపేట వైపు మెట్ట ప్రాంతం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూముల్ని పచ్చగా చేసింది. మా ఊరికి కాలువ రాలేదు. మా ఊరి ఆడోళ్లు కాలువ దగ్గరికి పోయారు, ముఠాలు కట్టి నాట్లకు, కోతలకు. ఆ ముఠాలతో పోయిన నాయనమ్మ వెంట నడిచిన మా మేనత్తకు చివరికి ఆ కోదాడ వైపే సంబంధం కుదిరింది.

అత్త ఇప్పుడు టౌన్లో కిరాయి ఇంట్లో ఉంటుంది. నేను పోయేసరికి తలుపు దగ్గరికేసింది, కిటికీ పరదా లాగింది. మంచం కిందినుంచి యూరియా సంచిలో చుట్టిన మూట తీసింది. అందులో మా తాత పనిముట్లున్నాయి. తోలు కోసే రంపె, కుట్టే ఆరె, కొట్టే గూటం. "ఓనరోళ్లకు మనమెవలమో తెల్వది బిడ్డా. అడిగితే మాట మార్చిన. గివి సూస్తే రేపే ఖాళీ జెయ్యమంటరు. నువ్వు తీసుకో, గని నా మొకం రావొద్దు, ఇల్లు రావొద్దు." పనిముట్లు తీసుకపో అనలేదు, గమనించండి. వీడియో తీసుకో అంది. భయపడుతూనే ఇన్నేళ్లు మంచం కింద పెట్టుకుంది, పారేయలేదు.

ఈ పనిముట్ల సంగతి చదువుకున్న పిల్లలకు చెప్పాలి. కరెంటు మోటర్లు రాకముందు బాయిలోంచి నీళ్లు తోడింది తోలు. మోట బొక్కెన, దాని కింద నీళ్లు కాలువలోకి వదిలే తొండం, వార్లు, ఎద్దుల మెడపట్టీలు, దొర కాలికి చెప్పులు అన్నీ మాదిగ చేతుల్లోంచి వచ్చినవే. చచ్చిన పశువును మోసుకురావాలి, తోలు ఒలవాలి, లందలో తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి ఊనాలి. తొండానికి చిల్లి పడితే నడిరాత్రి పిలిచినా పోవాలి, లేకుంటే పొలం ఎండిపోతుంది. కూలి మాత్రం ఏడాదికొకసారి, కల్లం కాడ పెట్టినన్ని గింజలు. తెలంగాణలో సేద్యం చరిత్ర రాసినవాళ్లు చెరువుల గురించి, కాకతీయుల గురించి పేజీలకు పేజీలు రాశారు. మోటబాయి దగ్గరికి వచ్చేసరికి ఎద్దులు కనబడతాయి, రైతు కనబడతాడు, బొక్కెన దానంతటదే వచ్చినట్టుంటుంది.

రంపెను నేను అత్త పరిచిన తెల్ల దుప్పటి మీద పెట్టి, కిటికీ సందులోంచి పడే వెలుతురులో, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి మెల్లగా తీశాను. మాటల్లేవు, వస్తువు మాత్రమే. ఇట్లాంటి పని చేయాలనుకునేవాళ్లు ముందు మౌనంగా తీయండి. మాట్లాడుతూ తీస్తే మనం చెప్పేదే చూస్తాం, ఉన్నది చూడం. తుప్పు తుడవకండి, నూనె రాయకండి. నేను ఫోను దగ్గరికి జరిపినప్పుడు పిడి మీద ఏదో గుడ్డ చుట్టి ఉండడం కనిపించింది. ఎర్ర నూలు చీర అంచు.

"ఇదేంది అత్తా?"

"అమ్మ సుట్టుకున్నది. అయ్యకు సూపు మందగించినంక అమ్మే కోసింది గదా తోలు. పిడి పెద్దగుంది, ఆమె చేతికి జారుతుండె."

నాకు ఈ సంగతి తెలియదు. మా నాయన కూడా ఎన్నడూ చెప్పలేదు. రంపె మొగోళ్ల పని అనే మా ఇంట్లో అందరూ చెప్పుకున్నారు, ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదు. నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం నిండా 'చర్మకారుడు' అని రాశాను. అన్నిచోట్లా 'డు'నే. అది అచ్చయిపోయింది కూడా.

రెండోసారి తీసినప్పుడు అత్త చేతుల్ని తీశాను. రంపె ఎట్లా పట్టుకునేదో చూపించమంటే ఆమె మొదట నవ్వింది, తర్వాత నేల మీద కూర్చొని, మడమ కింద గోనెసంచిని తోలులాగా తొక్కిపట్టి, రంపెను తనవైపు కాకుండా అవతలికి తోసింది. నేను ఇన్నాళ్లూ కత్తిలాగా లాగుతారనుకున్నా. ఆమె ఎన్నడూ ఆ పని చేయలేదు, తల్లి చేస్తుంటే చూసింది. చేతులకు గుర్తుంది. ఇది ఫొటోలో రాదు, అందుకే వీడియో కావాలి.

ఆకువక్కల సంచి ఇంకో కథ. లోపల వక్కలేవీ లేవు. చిన్నచిన్నగా మడిచిన మూడు కాగితాలున్నాయి. మూడూ కుదువ చీటీలు. వెండి కడియాలు జత అని రాసి, తూకం వేసి, ఇచ్చిన రూపాయలు, నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి. కడియాలు ఒకసారి పెట్టింది, విడిపించింది. రెండోసారి పెట్టింది, విడిపించింది. మూడోసారి పెట్టింది. చీటీలు మూడే. మూడో చీటీ నెల, సంవత్సరం చూసి నేను మా నాయనకు ఫోన్ చేశాను. అది ఆయన సూర్యాపేటలో ఇంటర్‌లో చేరిన నెల. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "కడియాలు దొంగలు వడి ఎత్కవోయిన్రని చెప్పింది మాకు" అన్నాడు.

అప్పటిదాకా నేను వెతుకుతున్నది నాయనమ్మ దాచుకున్న వస్తువులని అనుకున్నా. కాదు. మంచివన్నీ షావుకారు దగ్గరికి పోయాయి. షావుకారు వద్దన్నవే మన ఇళ్లలో మిగిలాయి. తుప్పు రంపెకు ఎవరు పైసలిస్తారు? వాడిన సంచికి ఎవరిస్తారు? దొరల ఇంట్లో పాత వస్తువు ఉందంటే దాన్ని దాచుకోగలిగారని అర్థం. మన ఇంట్లో ఉందంటే అది అమ్ముడుపోలేదని అర్థం. దీన్ని బట్టి చదవాల్సిన తీరు కూడా మారుతుంది. ఉన్న వస్తువులతో పాటు పోయిన వస్తువుల జాడలు కూడా రాసుకోవాలి. కడియాల చరిత్ర ఇప్పుడు ఆ చీటీలే.

అమెరికాలో నల్లజాతి వాళ్ల చరిత్రలో ఇట్లాంటి సంచి ఒకటుంది. ఆష్లీ సంచి అంటారు. దక్షిణ కరోలినాలో రోజ్ అనే బానిస తల్లి, తొమ్మిదేళ్ల బిడ్డ ఆష్లీని అమ్మేసినప్పుడు ఒక నూలు సంచిలో చిరిగిన గౌను, మూడు గుప్పిళ్ల పెకాన్ గింజలు, తన జుట్టు జడ పెట్టి ఇచ్చింది. తల్లీబిడ్డలు మళ్లీ కలవలేదు. ఆష్లీ మనవరాలు రూత్ మిడిల్టన్ 1921లో ఆ కథను ఆ సంచి మీదే దారంతో కుట్టింది. 2007లో అది టెనెసీ రాష్ట్రంలో ఒక పాతసామాన్ల సంతలో దొరికింది. తర్వాత వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం 2016లో తెరిచినప్పుడు అక్కడ ప్రదర్శనకు పెట్టారు. టియా మైల్స్ దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాసింది. గింజలు లేవు, జడ లేదు, గౌను లేదు. కుట్టు ఉంది. ఆ కొన్ని వరుసల కుట్టు లేకపోతే సంతలో అది పాత పిండిసంచి. మా అత్త మాటలు నాకు ఆ కుట్టులాంటివి. ఆమె పోయాక ఈ మూట ఎవరికైనా దొరికితే పాత ఇనుము కిలోకు ఇంత అని తూకం వేస్తారు.

తీసిన వీడియోను అత్తకు చూపించాను. ముఖం లేదు, గోడ లేదు, చేతులున్నాయి. గొంతు సంగతి అడిగాను. "నేనున్నన్ని రోజులు వద్దు. పోయినంక నీ ఇష్టం" అంది. ఆ మాట కూడా రికార్డు చేశాను, ఆమెకు చెప్పే. అందుకే ఈ వ్యాసం కింద వీడియో లింకు లేదు. ఉండాలి కదా అని కొందరు మిత్రులు అడుగుతారు. మన గుర్తులు నలుగురికీ చూపించాలి, గర్వంగా చూపించాలి అని నేనే మీటింగుల్లో మాట్లాడాను. కిరాయి ఇంట్లో పరదా లాగి కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పలేకపోయాను.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోతుంటే ఇదే ఆలోచన. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఒక ఆస్పత్రి ముందు పట్టపగలు ఒక దళిత యువకుణ్ని నరికి చంపారు. పత్రికలు దాన్ని పరువు హత్య అన్నాయి. అది కులహత్య, పరువు అనే మాట చంపినవాళ్లది. ఆ వీడియో దేశమంతా చూసింది. మన గురించి ఏ వీడియో సులువుగా తిరుగుతుందో, ఏది ఎవరికీ పట్టదో మిర్యాలగూడకు బాగా తెలుసు.

చిన్నాయన రైస్‌మిల్లులో హమాలీ. మిర్యాలగూడలో మిల్లుల దగ్గర గాలిలో ఊక దుమ్ము ఎప్పుడూ ఉంటుంది, ఫోను లెన్సు రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. ఆయన బీరువాలోంచి రేషన్ కార్డులు, ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ తీశాడు. జాబ్ కార్డులో పనిదినాల పేజీలు ఒక్కటీ వదలకుండా తీశాను. ఆఖరికి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. లామినేషన్ చేయించిన పాత కాగితం. ఉర్దూలో ఉంది. ఒక మూల గుండ్రటి ముద్ర, కింద వేలిముద్ర, మా తాత తండ్రిదట.

"పట్టా" అన్నాడు చిన్నాయన. "అమ్మ సచ్చేదాక తల కింద వెట్టుకున్నది."

మిత్రులారా, పాత కాగితాలు లామినేషన్ చేయించకండి. వేడికి సిరా పాలిపోతుంది, మళ్లీ విడదీయలేం. మామూలు కాగితపు కవరులో, ఎండా తడీ తగలకుండా పెడితే చాలు. తీసిన వీడియోలు వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే అక్షరాలు చెదిరిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. మూడు చోట్ల దాచండి, ఒకటి ఇంకో ఊళ్లో ఉండాలి.

అది పట్టానే అని నేను చెప్పలేను. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు. డెబ్బై ఏళ్లకు పైగా దాచారు, ఒక్కరూ చదవలేదు. అది ప్రభుత్వం పేదలకిచ్చిన లావణి పట్టా కావచ్చు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద ఇచ్చిన రక్షిత కౌలుదారు పత్రం కావచ్చు. ఒట్టి శిస్తు రశీదు కావచ్చు. మూడింటికీ తేడా చాలా ఉంది. రక్షిత కౌలుదారు అయితే ఆ హక్కు వారసులకు వస్తుంది. లావణి అయితే తేదీ ముఖ్యం. అసైన్డ్ భూమిని అమ్మకూడదన్న షరతు తెలంగాణలో 1958 జూలై 25 నాటి 1406 జీవోతో వచ్చింది. ఆ షరతు ఉన్న భూమిని ఎవరైనా కొనుక్కుంటే, 1977 చట్టం కింద దాన్ని తిరిగి తీసుకుని అసలు హక్కుదారుకో వారసులకో ఇప్పించే వీలుంది. అంతకు ముందు కాగితమైతే ఆ వాదన నిలబడకపోవచ్చు. ఆ భూమి ఎక్కడుందో మా పెదనాయన వేలు పెట్టి చూపిస్తాడు. ఇప్పుడు అందులో వేరేవాళ్ల బత్తాయి తోట ఉంది. ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది అంటే ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. ఇదొక్కటి మాత్రం కుదువకు పోలేదు. పెట్టబోతే షావుకారు వద్దన్నాడో, ఆమె పెట్టనన్నదో తెలియదు.

ఆ కాగితాన్ని వీడియో తీస్తానంటే చిన్నాయన చాలాసేపు ఒప్పుకోలేదు. తీసిన తర్వాత రెండుసార్లు ఫోను తీసుకొని చూశాడు, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

పాత కచేరీ ఉర్దూ, గొలుసుకట్టు రాత చదవగలిగిన మిత్రులెవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. కాగితం ఇక్కడ పెట్టను, ఎవరికీ ఫోన్లో పంపను. చిన్నాయన పెట్టిన షరతు అది. చదివేటాయన మిర్యాలగూడకు రావాలి, ఇంట్లో కూర్చొని పైకి చదవాలి. "ఏమున్నదో ముందుగాల నేనినాలె" అన్నాడు.